అమెరికాలో ఆసుపత్రి బిల్లు ఎందుకు తగ్గదు?

అమెరికాలో వైద్యం ఇంత ఖరీదెందుకు, ఏ పార్టీ వచ్చినా ఎందుకు తగ్గించలేకపోతోంది అని అడిగారు. అక్కడ ఒక ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో ఆరేళ్లు పనిచేశాను. నాకు అర్థమైనంత చెబుతాను.

ఒక పెద్దావిడ మోకాలి ఆపరేషన్ క్లెయిమ్ ఇప్పటికీ గుర్తుంది. ఆపరేషన్ ఎడమ కాలికి జరిగితే క్లెయిమ్‌లో రాసే చికిత్స కోడ్‌లో కుడి అని పడింది. ఇన్సూరెన్స్ కంపెనీ తిప్పి పంపింది. సరిచేసి పంపితే డాక్టరు నోట్స్ కావాలన్నారు. నలభై నిమిషాలు ఫోన్ పట్టుకుని కూర్చుంటే అవతల ఒకమ్మాయి ఎత్తింది. డబ్బు రాబట్టడం నా పని, ఇచ్చేముందు అన్నీ తరచి చూడడం ఆమె పని. ఇద్దరి జీతాలూ రోగులు కట్టే ప్రీమియంలోంచే వస్తాయి. ఈలోగా బిల్లు ఆవిడ ఇంటికి వెళ్లిపోయింది. "ఇదంతా నేనే కట్టాలా?" అని ఆవిడ ఫోన్ చేసినప్పుడు ఏం చెప్పాలో తెలియక చాలా బాధపడ్డాను.

అయితే కాగితాల పని ఒక్కటే కారణం కాదు. అసలు ధరలే ఎక్కువ. ఒకే ఆసుపత్రిలో ఒకే స్కాన్‌కి ఒక్కో ఇన్సూరెన్స్ కంపెనీ ఒక్కో రేటు కడుతుంది. ఊళ్లో ఉన్నది ఒకే పెద్ద ఆసుపత్రి అయితే అది అడిగిందే ధర.

2023లో ఆ దేశం వైద్యానికి పెట్టిన ఖర్చు దాదాపు 4.9 లక్షల కోట్ల డాలర్లు, అంటే జీడీపీలో 17 శాతం పైనే. అదంతా ఎవరో ఒకరి ఆదాయమే కదా. చాలా ఊళ్లలో అందరికంటే ఎక్కువమందికి ఉద్యోగాలిచ్చేది ఆసుపత్రే. దాని రాబడికి కోత పెట్టే చట్టానికి ఆ ఊరి కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సభ్యుడు, ఏ పార్టీవాడైనా, ఎందుకు ఓటేస్తాడు? వృద్ధులకు ప్రభుత్వం నడిపే వైద్య బీమా పథకం మెడికేర్‌లో డాక్టర్ల చెల్లింపులు అదుపు చేయాలని 1997లో చట్టం చేశారు. 2002లో ఒక్కసారి కోత పడింది. ఆ తర్వాత కోత వేయాల్సిన ప్రతిసారీ కాంగ్రెస్సే వాయిదా వేస్తూ పోయి, 2015లో ఆ పద్ధతినే ఎత్తేసింది. ఒబామాకేర్ అని పిలిచే 2010 ఆరోగ్య బీమా చట్టం మెడికేర్ ఖర్చు తగ్గించడానికి ఒక బోర్డు పెట్టమంది. ఒక్క సభ్యుణ్ణీ నియమించకుండానే 2018లో రద్దు చేశారు.

కాస్త ఆశ కనిపించింది మందుల దగ్గరే. మెడికేర్ మందుల కంపెనీలతో బేరమాడకూడదని 2003 చట్టంలో రాసుకున్నారు. కొన్ని మందులకైనా ఆ అడ్డు తీసేసరికి 2022 వచ్చింది.

మా ఆసుపత్రికి నిధులు తగ్గుతాయన్న వార్త రాగానే మేమంతా కాంగ్రెస్ సభ్యుడికి ఉత్తరం రాశాం. పెద్దావిడ గొంతు చెవుల్లో ఉండగానే నేనూ సంతకం పెట్టాను. ఇంటి అద్దె ఆ జీతంలోంచే కట్టాలి మరి.