‘నేను లేకుంటే మీకు గొడవే ఉండదు’ అని పిల్లోడు అంటే, పరీక్షలయ్యేదాకా ఆగొచ్చా?

అక్కా, ప్రొద్దుటూరులో మీ అక్కాబావలు రోజూ కొట్లాడుకుంటారనీ, ఇంటర్ రెండో సంవత్సరం చదివే వాళ్లబ్బాయి రెండు నెలలుగా ఎవరితోనూ సరిగా మాట్లాడ్డం లేదనీ, మొన్న ‘నేను లేకుంటే మీకు గొడవే ఉండదు కదా’ అన్నాడనీ రాశారు. వయసు అట్లాంటిదేమో, పరీక్షలయ్యేదాకా చూద్దామా అని అడిగారు.

ఆగొద్దు. నేను డాక్టర్ని కాను. ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నాను, అందుకే రాస్తున్నా.

మాది అనంతపురం జిల్లాలో శింగనమల వైపు పల్లె. 2006లో నేను ఇంటర్ మొదటి సంవత్సరం. నాయనకు నాలుగెకరాల చెనిక్కాయ, కొన్ని చీనీ చెట్లు. చెట్లను కాపాడుకోవాలని మూడో బోరు వేయిస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. అమ్మ గాజులు అప్పటికే తాకట్టులో ఉన్నాయి. ఇంక గొడవకు వేరే కారణం ఎందుకు? పాత బోరులో అంగుళం నీళ్లుండేవి. త్రీఫేజు కరెంటు రాత్రి వంతు పడిన వారం నాకు పండగే. నాయన టార్చిలైటు పట్టుకుని చెట్లకు నీళ్లు కట్టను పోయేవాడు, ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. పగటి వంతు మొదలైందంటే పొద్దు గూకే సరికి నాకు కడుపునొప్పి. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అని మాత్రలిచ్చాడు. మూడు నెలలు మింగాను.

అరుపులకు అలవాటు పడొచ్చు. నన్ను తినేసినవి రెండు మాటలు. అమ్మ ‘ఈ పిల్లోని మొగం చూసి పడున్నా, లేకుంటే ఎప్పుడో పుట్టింటికి పోయేదాన్ని’ అనేది. నాయన ‘వాని ఫీజుకే కదా ఈ అప్పంతా’ అనేవాడు. అమ్మ ప్రేమతోనే అనిందని ఇప్పుడు తెలుసు. పదహారేళ్లప్పుడు నాకు వినబడింది ఒక లెక్క. నన్ను తీసేస్తే అప్పూ ఉండదు, అమ్మకు ఈ చెరా ఉండదు. మీ పిల్లోడు చెప్పింది కూడా ఆ లెక్కే. అది అలక కాదు, బెదిరింపు అంతకన్నా కాదు.

గొడవలున్న ప్రతి ఇంట్లో ఇట్లా అవుతుందని కాదు. మా చెల్లెలు అదే మిద్దెలో చెవుల్లో దూది పెట్టుకుని హాయిగా నిద్రపోయేది. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకుంటే, 31.7 శాతానికి కుటుంబ సమస్యలే కారణమని జాతీయ నేర గణాంకాల్లో ఉంది. కానీ ఆ గడిలో రాసేది ఒక్క కారణం. దాని వెనకాల నిద్రలేమి, కుంగుబాటు, మార్కులు, అప్పులు అన్నీ ముడిపడి ఉంటాయి.

నన్ను కనిపెట్టింది మా మామ. వానల్లేక సేద్యం వదిలి ధర్మవరంలో మగ్గం నేర్చుకున్నోడు. పండక్కి వచ్చినప్పుడు నేను ప్రాణంగా చూసుకునే క్రికెట్ బ్యాటును పిన్ని కొడుక్కిచ్చేశానని ఎవరో చెప్పారు. అందరూ ‘బుద్ధిమంతుడు’ అన్నారు. మామ మాత్రం నన్ను చెరువు కట్ట మీదికి తీసుకుపోయి, బీడీ ముట్టించి, నా మొహం చూడకుండానే అడిగాడు: ‘ఏమప్పా, సచ్చిపోదామని ఏమన్నా అనిపిస్తాందా?’

అంత సూటిగా. నేను ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ గుర్తుంది. అట్లా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనోళ్ల భయం. పుట్టదక్కా. అడిగితే బరువు దిగుతుంది, డాక్టర్లు చెప్పేదీ అదే. అడిగాక మాత్రం ‘అమ్మానాయన గురించి ఆలోచించవా’ అనొద్దు. వాడు ఆలోచించేదంతా వాళ్ల గురించే.

మామ నన్ను రెండు నెలలు ధర్మవరంలో పెట్టుకున్నాడు. మగ్గం చప్పుడు పక్కన కండెలు చుడుతూ కూర్చునేవాణ్ని, రాత్రి నిద్ర పట్టేది. అనంతపురం పెద్దాసుపత్రిలో మానసిక వైద్యం ఓపీకి కూడా తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ మా అమ్మానాయన్ని పిలిపిస్తే, అమ్మ ‘గొడవల్లేని ఇల్లుంటుందా మేడమ్’ అనింది. డాక్టరమ్మ కూడా ఉండదనే ఒప్పుకుంది. కొట్లాటలో వీని పేరు మాత్రం ఎత్తొద్దంది, ఒకరి మాట ఇంకొకరికి వీనితో చెప్పి పంపొద్దంది. నాయన ఏమీ అనలేదు. గొడవలు ఆగాయా అంటే, లేదు. కానీ నా పేరు ఎత్తబోయి నాయన నాలిక కరుచుకోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇప్పుడు మీ పని. ఈ ఆదివారమే వాణ్ని కలవండి, ఒంటరిగా దొరికినప్పుడు అడగండి. అవునంటే ఒక్కణ్నే వదలొద్దు. ఇంట్లో పొలం మందులు, మాత్రలు ఏమున్నా ముందు వేరే ఇంటికి చేర్చండి. మన సేద్యం ఇళ్లలో దీని గురించి ఎవరూ ఆలోచించరు. 14416కు ఫోన్ చేయండి. అది 2022లో మొదలైన టెలీ మానస్, ఉచితం, ఏ వేళకైనా తెలుగులో మాట్లాడతారు, మీరైనా చేయొచ్చు వాడైనా చేయొచ్చు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకైతే 1098 కూడా ఉంది. ఇప్పటికిప్పుడే ప్రమాదం అనిపిస్తే ఫోన్లతో పొద్దుపుచ్చక నేరుగా ఆసుపత్రికి పోండి. పోలీసు కేసవుతుందని మీ బావ భయపడితే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ సంగతి చెప్పండి. ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే చట్టం చూస్తుంది, శిక్షించదు.

మీ అక్కను తిట్టొద్దు. ఆమె కూడా రాత్రుళ్లు నిద్రపోతోందని నేననుకోను. వాణ్ని కొన్నాళ్లు మీ ఇంటికి పంపమని అడగండి. పరీక్షల పుస్తకాలు కూడా తెచ్చుకోమనండి. చదవకపోయినా పర్లేదు, చేతికి ఏదో ఒక పని ఇవ్వండి. ఆదివారం ఏమైందో ఇక్కడ రాయండి, చూస్తుంటాను.