వాచ్‌లో వేగం సరే, పీరియడ్స్ సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 34. కొండాపూర్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో మొదటిసారి ఫుల్ పరుగెత్తాలని జనవరి నుంచి సాధన చేస్తున్నాను. అప్పుడు 8 కిలోమీటర్లకే ఆయాసపడేదాన్ని, ఇప్పుడు 18 పరుగెడుతున్నాను. కానీ కిలోమీటరుకు ఆరున్నర నిమిషాలు పట్టేది కాస్తా ఏడు దాటింది. గుండె వేగం 150 నుంచి 160కి చేరింది. రాత్రిపూట అన్నం మానేసి ఆరు కిలోలు తగ్గాను. కుడి కాలికి మోకాలి కింద లోపలివైపు నొప్పిగా ఉంటే, ఆదివారం లాంగ్ రన్‌కు ముందు పెయిన్‌కిల్లర్ వేసుకుంటున్నాను. రెండు నెలలుగా పీరియడ్స్ రాలేదు, పరుగు వల్ల మామూలేనంటున్నారు. ఇన్ని నెలల కష్టం వృథా అయినట్టేనా?

జవాబు: వృథా ఏమీ కాలేదు. 8 నుంచి 18కి వచ్చారు, అది చిన్న విషయం కాదు. జనవరి తెల్లవారుజామున ఉన్న చలి వేరు, మే నెల ఉక్కపోత వేరు. ఒంటిని చల్లబరచడానికి గుండె చర్మం వైపు ఎక్కువ రక్తాన్ని పంపాలి, అందుకే అదే వేగానికి ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. జనవరి అంకెల్ని మేతో పోల్చి దిగులుపడకండి.

నన్ను ఆపేసింది మీరు చివర్లో యథాలాపంగా రాసిన మాట. పరుగెత్తేవాళ్లకు పీరియడ్స్ ఆగడం మామూలు కాదు. ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. అది కాకపోతే థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్ల పరీక్షలు చేయించి గైనకాలజిస్టును కలవండి. నా అనుమానం మాత్రం మీ రాత్రి కంచం మీదే. ఖర్చవుతున్నంత శక్తి తిండిలో అందకపోతే శరీరం పొదుపు మొదలుపెడుతుంది, మొదట కోత పడేది తరచూ నెలసరికే. అలా నెలసరి ఆగినప్పుడు ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గుతుంది, అది తగ్గితే ఎముక బలం తగ్గుతుంది. మీ కాలినొప్పి, ఆగిన పీరియడ్స్ రెండు వేర్వేరు సమస్యలు కాకపోవచ్చు.

నొప్పి ఉన్నచోట కాలి ఎముక వెంట వేలితో నొక్కి చూడండి. జానెడు మేర నొప్పిగా ఉంటే ఎక్కువగా కండరం, ఎముక పైపొర ఒత్తిడి. ఒక్కచోటే వేలు పెట్టలేనంత నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నా సలుపుతున్నా స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నని పగులు, అయ్యే అవకాశముంది. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో అది కనబడకపోవచ్చు, కాబట్టి ‘ఎక్స్‌రే నార్మల్’ అన్నారని మళ్లీ రోడ్డెక్కకండి. ఎమ్మారై అవసరమేమో ఆర్థోపెడిక్ డాక్టర్ చెబుతారు. అప్పటిదాకా పరుగు ఆపండి.

పెయిన్‌కిల్లర్ సంగతి కాస్త గట్టిగానే చెబుతాను. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుని గంటల తరబడి చెమటోడ్చితే కిడ్నీల మీద భారం పడుతుంది. పైగా, ఆగమని చెప్పే నొప్పి నోరు నొక్కేసి అదే ఎముక మీద 18 కిలోమీటర్లు పరుగెత్తుతున్నారు.

రక్తపరీక్షల్లో హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వల్ని చెప్పేది), విటమిన్ డి కూడా చూపించుకోండి. హిమోగ్లోబిన్ 12 దాటినా ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు. అప్పుడూ ఇలాగే నీరసం, వేగం తగ్గడం కనిపిస్తాయి. లాంగ్ రన్ మర్నాడే శాంపిల్ ఇవ్వకండి, ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. రిపోర్టు చూడకుండా ఐరన్ మాత్రలు మొదలుపెట్టొద్దు. డాక్టర్ రాసిస్తే టీ, కాఫీలతో కాకుండా నిమ్మరసంతో వేసుకోండి.

రాత్రి అన్నం తిరిగి మొదలుపెట్టండి. పప్పు, గుడ్డు, పెరుగు, ఏదైనా సరే, కడుపు నిండా. ఆరు కిలోలు తగ్గడాన్ని మీరు ప్రగతి ఖాతాలో వేశారు, నేను వేయను.

ఇక ఆగస్టు. పగులు లేదని తేలి, నొప్పి పూర్తిగా పోతే హాఫ్‌కు, అంటే 21 కిలోమీటర్లకు, మార్చుకోండి. 42 కిలోమీటర్లు, పైగా దారిపొడవునా ఫ్లైఓవర్లు, ఈ ఏడాది మీకు వద్దు. పగులుంటే హాఫ్ కూడా లేదు, వచ్చే ఏడాదే. ఈలోగా ఆర్థో డాక్టర్ సరేనంటే ఈతకొట్టండి, గుండెకు సాధన ఆగిపోదు.

పరీక్షల రిపోర్టులు వచ్చాక రాయండి. వేలు పెడితే ఎక్కడ నొప్పి పుట్టిందో అదీ రాయండి.