స్పెక్ట్రమ్ కంప్యూటర్‌లో క్యాసెట్ లోడ్ కావడం లేదా? ఇలా చేసి చూడండి

మీ 48కే స్పెక్ట్రమ్‌లో (క్యాసెట్ టేపు నుంచి ఆటలు లోడ్ చేసుకునే 1980ల నాటి ఇంటి కంప్యూటర్) ‘మానిక్ మైనర్’ ఆట సగం లోడయ్యాక ‘టేప్ లోడింగ్ ఎర్రర్’ వచ్చి ఆగిపోతోందన్నారు. టెన్షన్ పడకండి, కంప్యూటర్ బాగానే ఉన్నట్టుంది. తెర అంచుల్లో ఎరుపు, లేత నీలం చారలు, తర్వాత నీలం, పసుపు చారలు కనిపిస్తున్నాయంటే టేపు శబ్దం దానికి అందుతున్నట్టే. నా అనుమానం టేప్ రికార్డర్ హెడ్ (టేపుని చదివే భాగం) మీదే.

ముందు దూదిపుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది హెడ్ తుడవండి. రికార్డర్‌ని కంప్యూటర్‌కి కలిపే వైర్లలో ‘ఇయర్’ వైరు ఒక్కటే ఉంచి ‘మైక్’ వైరు తీసేయండి. వాల్యూమ్ ముప్పావు వంతు, ట్రెబుల్ పూర్తిగా పెట్టండి.

అప్పటికీ కాకపోతే హెడ్ పక్కన ఉండే చిన్న స్క్రూ చూడాలి. అది ఇప్పుడున్న చోటు గుర్తు పెట్టుకోండి. ‘ఇయర్’ వైరు కూడా పీకేసి, టేపు రికార్డర్ స్పీకర్‌లో వింటూ స్క్రూని రవ్వంత అటూ ఇటూ తిప్పండి. కీచుమనే శబ్దం ఎక్కడ బాగా పదునుగా వినిపిస్తే అక్కడ ఆపేయండి. నా టేపుల్లో ఎక్కువ భాగం దీంతోనే బతికాయి.

ఒక్కసారి లోడైతే వెంటనే ఆ శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేసి దాచుకోండి, టేపు ఎన్నాళ్లో ఉండదు.

1983లో మాథ్యూ స్మిత్ రాసిన ఆట అది. ఇరవై గుహలు. తాళంచెవులన్నీ ఏరేలోపు, ఎంత గాలి మిగిలిందో చూపే గీత తరిగిపోతుంటే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. ఎన్నో గుహ దాకా వెళ్లారో తప్పకుండా చెప్పండి.