‘యూనివర్సిటీ’కి ‘యాన్’ ఎందుకు రాదు?

ప్రశ్న: ‘యూనివర్సిటీ’ స్పెల్లింగ్ అచ్చుతోనే మొదలవుతుంది కదా, ‘ఎ యూనివర్సిటీ’ అంటారేం? ‘అవర్’ హెచ్‌తో మొదలైనా ‘యాన్ అవర్’ అంటారు. ఇక ‘ద’ దగ్గరకొస్తే టెన్షనే. మన భాషలో ఇలాంటివి లేకపోవడం వల్లేనా ఈ అవస్థ? – డిగ్రీ విద్యార్థిని

జవాబు: మొదటిది తేలికేనమ్మా. ఆ మాటను తెలుగు లిపిలో రాసి చూడండి. ‘యూనివర్సిటీ’లో మొదటిది ‘య’, హల్లు. అందుకే ‘ఎ’. ‘అవర్’లో ‘అ’, అచ్చు. అందుకే ‘యాన్’. ‘ఎమ్మెల్యే’కి ‘యాన్’, ‘వన్‌వే’కి ‘ఎ’ కూడా ఇలాగే. స్పెల్లింగ్‌తో పనిలేదు, పలుకుబడే ముఖ్యం. ఒక్కచోట జాగ్రత్త: మనం ‘యెగ్’ అనేస్తుంటాం. వాళ్లు పలికేది ‘ఎగ్’, కాబట్టి ‘యాన్ ఎగ్’.

చెవి ఇంగ్లిష్ వాళ్లనూ మోసం చేసిందిలెండి. క్రికెట్‌లో వేలెత్తే అంపైర్ ఒకప్పుడు ‘నౌంపర్’. ‘ఎ నౌంపర్’ అంటూ అంటూ ‘న’ కాస్తా ముందు మాటకు అతుక్కుపోయి ‘యాన్ అంపైర్’ అయింది. ‘ఏప్రన్’ కూడా అంతే, అసలు ‘నేప్రన్’.

మన భాషలో ఇలాంటివి లేవంటే మాత్రం నేను ఒప్పుకోను. ‘పుస్తకం చదివాను’, ‘పుస్తకాన్ని చదివాను’ – ఈ రెండూ పైకి అనుకుని చూడండి. మొదటిది ఏ పుస్తకమైనా కావచ్చు. రెండోది అన్నారంటే, ఏ పుస్తకమో ఎదుటివాళ్లకు ముందే తెలిసి ఉండాలి. ‘ద’ చేసేదీ దాదాపు ఆ పనే. వినేవాళ్లు ‘ఏది?’ అని అడగక్కర్లేకపోతే ‘ద’ పెట్టండి. సూర్యుడు ఒక్కడే, ఎవరూ ‘ఏ సూర్యుడు?’ అనరు, అందుకే ‘ద సన్’. ఈ కిటుకు అన్నిచోట్లా పనిచేయదు గానీ, చాలాచోట్ల గట్టెక్కిస్తుంది.

ఇంతకీ నన్ను ముంచింది ‘ద’ కాదు, ‘ఎ’. కుర్రతనంలో ఒక ఇంటర్వ్యూలో ‘ఐ హ్యావ్ లిటిల్ నాలెడ్జ్ ఆఫ్ టైపింగ్’ అన్నాను. కొద్దో గొప్పో వచ్చని నా ఉద్దేశం. దానికి ‘ఎ లిటిల్’ అనాలి. ‘ఎ’ మింగేస్తే ‘రాదనే అనుకోండి’ అని అర్థం. ‘మరి అప్లికేషన్‌లో వచ్చని రాశారే?’ అన్నాడు ఎదురుగా కూర్చున్నాయన. తప్పెక్కడుందో అప్పుడు తట్టనే లేదు. ఉద్యోగం రాలేదు. నేరమంతా ‘ఎ’ మీదకు నెట్టలేను, నా టైపింగూ అంతంతమాత్రమే. ‘ఫ్యూ’, ‘ఎ ఫ్యూ’ మధ్య తేడా కూడా ఇదే.

ప్రశ్న: ‘యాన్ ఇన్ఫర్మేషన్’ అనొచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: అనకూడదు. ‘సమ్ ఇన్ఫర్మేషన్’ అనండి. ఇన్ఫర్మేషన్, అడ్వైస్, ఫర్నిచర్ – వీటిని నీళ్లలాగే లెక్కపెట్టరు. కుర్చీలు లెక్కపెట్టొచ్చు కదా, ఫర్నిచర్‌ని ఎందుకు పెట్టకూడదంటారా? అది నన్ను కాదు, ఇంగ్లిష్ వాళ్లను అడగాలి.