స్వీడిష్ వాల్‌హుండ్ జంటను కొని పిల్లలు పెట్టించవచ్చా?

స్వీడిష్ వాల్‌హుండ్ (స్వీడన్‌కు చెందిన పొట్టికాళ్ల పశువుల కుక్క) బాగా నచ్చిందని, జాతి అరుదు కాబట్టి ఒకే బ్రీడర్ దగ్గర మగ, ఆడ కుక్కపిల్లల జంటను తీసుకుని, పెద్దయ్యాక వాటితో పిల్లలు పెట్టిస్తే జాతికి కూడా మేలేనని రాశారు. అది దొరక్కపోతే గొర్రెలను కాచే కాలీ కుక్కల రకాల్లో ఏదైనా చూస్తానన్నారు. మంచి బ్రీడర్‌ను ఎలా గుర్తుపట్టాలన్నది మీ ప్రశ్న.

నేను వాల్‌హుండ్లతో పదకొండేళ్లుగా ఉంటున్నాను. ఇన్నేళ్లలో మా ఇంట్లో రెండే కాన్పులు జరిగాయి. మూడోదానికి అన్నీ సిద్ధం చేసుకుని చివర్లో మానుకున్నాను. ఎందుకు మానుకున్నానో చెప్తే మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

ముందు జంట సంగతి. దయచేసి అలా కొనకండి. ఒకే కాన్పు పిల్లలైతే అవి తోబుట్టువులు. వాటిని కలిపితే పుట్టే పిల్లల్లో ఇన్‌బ్రీడింగ్, అంటే దగ్గరి రక్తం కలిసిన లెక్క, 25 శాతం. తల్లులు వేరై తండ్రి ఒకడే అయినా 12.5 శాతం. పాత తరాల్లో ఉన్న దగ్గరితనం దీనికి అదనం. ఈ జాతిలో ఆ పాత దగ్గరితనం తక్కువేమీ కాదు. 1942లో స్వీడన్‌లో కౌంట్ బ్యోర్న్ వాన్ రోసెన్, తన చిన్నప్పుడు చూసిన పొట్టికాళ్ల పశువుల కుక్కలు ఇంకెక్కడైనా మిగిలాయేమోనని వెతకడం మొదలుపెట్టారు. కార్ల్-గుస్తాఫ్ సెట్టర్‌స్టెన్ ఆయనకు తోడయ్యారు. వాస్టర్‌గోట్లాండ్ ప్రాంతంలో ఊరూరా తిరిగితే మోప్సెన్ అనే మగకుక్క, వివి, లెస్సి, టోప్సి అనే మూడు ఆడకుక్కలు దొరికాయి. జాతిని నిలబెట్టే పని ఆ నాలుగింటితో మొదలైంది. అందుకే కుక్కల సంఖ్య పెంచినంత మాత్రాన ఈ జాతికి మేలు జరిగిపోదు. ఉన్న కొద్దిపాటి వేర్వేరు రక్తాల్లో ఏదీ జారిపోకుండా చూసుకోవాలి. ఒకే ఇంటి జంటతో సరిగ్గా దీనికి వ్యతిరేకం జరుగుతుంది.

ఇక నేను మానుకున్న కాన్పు. మా ఆడకుక్క చుక్కికి అప్పుడు నాలుగేళ్లు. నేను చూసిన మగకుక్కకు రెండేళ్లు. చూడముచ్చటగా ఉండేది, తుంటి ఎక్స్‌రే బాగుంది, కళ్లు పరీక్షలో శుభ్రంగా ఉన్నాయి, నెమ్మదైన స్వభావం. పెడిగ్రీ కాగితంలో, అంటే దాని వంశవృక్షంలో, మూడు తరాల వరకు చుక్కితో కలిసే పేరు ఒక్కటి కూడా లేదు. ఇంకేం కావాలి అనుకున్నాను. నాకు మొదటి కుక్కనిచ్చిన పెద్దావిడ మాత్రం "ఎనిమిది తరాలు తీసి చూశావా?" అని అడిగారు. తీయలేదు. ఆ రాత్రి రెండు వైపుల కాగితాలూ నేల మీద పరిచి, ఎర్ర పెన్సిల్‌తో ఒక్కో పేరూ చూస్తూ వెళ్లాను. నాలుగో తరం దాటాక ఒకే మగకుక్క పేరు మళ్లీ మళ్లీ రావడం మొదలైంది. చుక్కి తల్లి వైపు రెండుసార్లు, నేను చూసిన మగకుక్క వైపు మూడుసార్లు. ఒకప్పుడు షోలలో గెలిచి, అందరూ తమ ఆడకుక్కలను తీసుకెళ్లిన మగకుక్క అది. దాంతో పాటు మిగతా ఉమ్మడి పేర్లు కూడా కలిపి లెక్క వేయిస్తే, మూడు తరాలకు సున్నా అనిపించింది కాస్తా 6 శాతం దాటింది. అంటే అన్నదమ్ముల పిల్లలను కలిపినంత.

అప్పటికీ మనసు పూర్తిగా ఒప్పుకోలేదు. ఆ మగకుక్క బంధువులను చూద్దామని దాని మేనత్త ఉన్న ఇంటికి వెళ్లాను. ఏడేళ్ల ఆడకుక్క, పగలంతా హుషారుగా తిరిగింది. పొద్దుగూకాక యజమాని లోపలికి పిలిస్తే పెరటి మెట్ల దగ్గర ఆగిపోయింది. ముందుకాలు ఎత్తి, గాలిలో తడిమి, మెట్టు అంచు తగిలాక మెల్లగా దాని మీద మోపింది. మళ్లీ తర్వాతి మెట్టుకూ అంతే. "ఈమధ్య చీకటి పడితే ఇలాగే చేస్తోంది, వయసు కదా" అన్నారు వాళ్లు. అది వయసు కాదు, రేచీకటి. ఈ జాతిలో వాల్‌హుండ్ రెటినోపతి అనే వంశపారంపర్య కంటి జబ్బు ఉంది. కంటి లోపలి పొర మెల్లగా దెబ్బతింటుంది, ముందు రాత్రి చూపు తగ్గుతుంది. యజమాని కంటపడేసరికి చాలాసార్లు కుక్కకు ఏళ్లు వచ్చేస్తాయి, అప్పటికే దానికి పిల్లలు, మనవలు ఉండొచ్చు. రెండేళ్ల మగకుక్క కళ్లు ఆరోజు బాగున్నాయన్న సర్టిఫికెట్‌ను నేనెంత నమ్ముకున్నానో ఆ మెట్ల దగ్గర అర్థమైంది. ఇంటికొచ్చి ఫోన్ చేసి, క్షమించండి, వద్దనుకుంటున్నాం అని చెప్పేశాను.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. మగకుక్కకు వయసు ఎంత ఎక్కువైతే అంత మంచిది అంటాను. ఎనిమిదేళ్లు వచ్చినా కళ్లు, నడక బాగున్న మగకుక్క, అదీ ఇంతవరకు ఒకటి రెండు కాన్పులకే తండ్రి అయినది దొరికితే, నాకు అంతకంటే విలువైనది ఇంకేదీ లేదు. కంటి పరీక్ష ఒకసారి చేయించి ఫైల్లో పెట్టేసేది కాదు, ఏటా చేయించాలి. తుంటి కీళ్ల విషయంలో, కుక్కల ఎక్స్‌రేలు చూసి గ్రేడ్ ఇచ్చే అమెరికా సంస్థ ఓఎఫ్ఏ 24 నెలలు నిండాకే తుది గ్రేడ్ ఇస్తుంది. కాబట్టి ఏడాది వయసు కుక్కతో పిల్లలు పెట్టించే బ్రీడర్ తను ఏం అమ్ముతున్నాడో తనకే తెలియకుండా అమ్ముతున్నాడని నా ఉద్దేశం.

అలాగని రిపోర్టులో ఏ చిన్న మచ్చ కనబడినా ఆ కుక్కను పక్కన పెట్టేయడం కూడా తప్పే. డీఎన్ఏ టెస్ట్ ఉన్న జబ్బుల్లో, లోపమున్న జన్యువు ఒకే కాపీ ఉన్న కుక్కను క్యారియర్ అంటారు. రెండు కాపీలూ ఉంటేనే వచ్చే జబ్బైతే, క్యారియర్‌కు ఆ జబ్బు రాదు. దాన్ని ఆ లోపం లేని కుక్కతో కలిపితే పిల్లల్లో సగటున సగం క్యారియర్లు, సగం శుభ్రంగా ఉన్నవి పుడతాయి. ఒక్కదానికీ జబ్బు రాదు. తర్వాతి తరంలో శుభ్రంగా ఉన్నదాన్ని ఎంచుకోవచ్చు. చిన్న జాతిలో క్యారియర్లందరినీ ఒకేసారి తీసేస్తే ఒక జబ్బు పోవచ్చు గానీ, వాటితో పాటు మంచి రక్తం కూడా పోతుంది.

తోక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది పొట్టి తోక పిల్లలే కావాలంటారు. వాల్‌హుండ్లలో కొన్ని పొట్టి తోకతో, కొన్ని పూర్తి తోకతో పుడతాయి. జాతి ప్రమాణంలో రెండూ సరైనవే. పొట్టి తోక జన్యువు రెండు వైపుల నుంచీ అందిన పిండం గర్భంలోనే పోతుంది. రెండు పొట్టి తోక కుక్కలను కలిపితే సగటున నాలుగో వంతు పిండాలు ఇలా పుట్టకుండానే పోతాయి. పొట్టి తోక కోసమే జోడీలు కడుతున్న బ్రీడర్ కనబడితే వెనక్కి వచ్చేయండి.

కాలీ రకాల వైపు వెళ్తే అక్కడి లెక్కలు వేరు. ఎండీఆర్1 అనే జన్యువులో లోపమున్న కుక్కలకు, పరాన్నజీవులను చంపడానికి వాడే ఐవర్‌మెక్టిన్ ఎక్కువ డోసు, విరేచనాలకు వాడే లోపెరమైడ్ ప్రాణం మీదికి తేవచ్చు. 2001లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని కాలీల్లో గుర్తించారు, ఇప్పుడు సులువైన టెస్ట్ ఉంది. కాలీ ఐ అనామలీ అనే పుట్టుకతో వచ్చే కంటి లోపం కోసం పిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులోనే కళ్లు చూపించాలి, ఆ తర్వాత కంటి రంగు కమ్మి లోపం కనబడకుండా పోవచ్చు. ఇక మచ్చల మచ్చల మెర్లే రంగు కుక్కలను రెండింటిని ఎప్పుడూ కలపకూడదు. నాలుగింట ఒక పిల్ల మెర్లే జన్యువు రెండు కాపీలతో పుట్టే అవకాశం ఉంది, అలాంటివాటిలో చాలావాటికి చెవుడో, కంటి లోపమో, రెండూనో వస్తాయి.

పిల్లలు పెట్టించడమంటే ఏమిటో మా మొదటి కాన్పులో తెలిసింది. కలిపే ముందు రెండింటికీ బ్రూసెల్లా (గర్భస్రావాలకు దారితీసే అంటు జబ్బు) టెస్ట్, సరైన రోజు తెలుసుకోవడానికి ఆడకుక్కకు ప్రొజెస్టెరాన్ హార్మోన్ టెస్టులు అన్నీ చేయించాం. అండం విడుదలైన రోజు నుంచి సుమారు 63 రోజులు. ఐదు పిల్లలు పుట్టాయి. నాలుగోది పుట్టినప్పుడు 190 గ్రాములు. మర్నాడు తూచితే 178. మొదటి వారం పిల్లలు తమ ఒంటి వేడిని తాము నిలుపుకోలేవు, అందుకని పెట్టెలో 30 డిగ్రీల దగ్గర ఉంచి రెండు గంటలకోసారి చుక్కచుక్కగా పాలు పట్టాను. తల్లి దాన్ని ముక్కుతో పక్కకు నెట్టేస్తుంటే మళ్లీ తెచ్చి పొట్ట దగ్గర పెట్టేదాన్ని. మూడో రోజు తెల్లవారుజామున నా అరచేతిలోనే పోయింది. మిగతా నాలుగూ బాగా పెరిగాయి. వాటిలో ఒకటి పద్నాలుగు నెలల తర్వాత తిరిగి నా దగ్గరకే వచ్చింది. ఆ ఇంట్లో చిన్నపిల్లలు పరిగెత్తినప్పుడల్లా వెంటపడి మడమలు పట్టుకునేదట, రోజంతా మొరిగేదట. ఈ కుక్క చేసే పనే అది. ఆవు మడమను కొరికి, తన్ను తగలకుండా వెంటనే నేలకు అణిగిపోయే పొట్టి కుక్క ఇది. ముందే నేను వాళ్లకు ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఎనిమిది నెలలు నా దగ్గరే ఉంచుకుని, తగిన ఇల్లు దొరికాక పంపాను.

అందుకే నా సలహా: ఒక్క కుక్కపిల్లనే తీసుకోండి, ముందు ఇంటి కుక్కగా. రెండేళ్లు దానితో బతికి చూడండి, మొరుగుడు, మడమల గోల అన్నీ కలుపుకుని. పిల్లలు పెట్టించాలా వద్దా అన్నది దాని ఆరోగ్య పరీక్షలన్నీ అయ్యాక, అప్పుడు తేల్చుకోండి. పిల్లలు పెట్టించకపోయినా దాని రిపోర్టులను బ్రీడర్‌కు పంపుతూ ఉంటే జాతికి సాయం చేస్తున్నట్టే. మగకుక్కైతే ఏ ఐదారేళ్లకో ఎవరైనా ఒక కాన్పుకు అడగవచ్చు.

మంచి బ్రీడర్ మిమ్మల్ని మీరు ఊహించనన్ని ప్రశ్నలు అడుగుతారు. తల్లి కుక్కను చూపిస్తారు, ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను ఇవ్వరు, ఏ వయసులోనైనా వెనక్కి తీసుకుంటామని కాగితం మీద రాసిస్తారు. తమ కుక్కలు దేనితో పోయాయో, ఏ వయసులో పోయాయో దాచకుండా చెప్తారు. మొదటి ఫోన్‌లో రంగు గురించి, తోక గురించి అడగకండి. ఆ పిల్ల అమ్మమ్మ, తాతయ్యలు ఇంకా ఉన్నాయా, చీకటి పడ్డాక మెట్లు తడబడకుండా ఎక్కుతున్నాయా అని అడగండి.