సర్కారు ఐటీలో పెద్ద కుర్చీ: అమ్మాయి చేతిలో ఉన్న ఆఫర్ వదులుకోవాలా?

ప్రశ్న: నేను నర్సంపేట దగ్గర సహకార సంఘంలో పనిచేస్తాను. మా అమ్మాయి వరంగల్‌లో సీఎస్‌ఈ చివరి సంవత్సరం చదువుతోంది. క్యాంపస్‌లో హైదరాబాద్ కంపెనీ ఆఫర్ వచ్చింది. అయినా ప్రభుత్వంలోనే పనిచేస్తాననీ, ఎప్పటికైనా ఒక పెద్ద శాఖకు ఐటీ అధిపతినవుతాననీ అంటోంది. అమెరికాలో ఉన్న మా బావమరిది అక్కడ ప్రతి ప్రభుత్వ సంస్థకూ సీఐఓ, అంటే ఐటీ వ్యవహారాల అధిపతి, ఉంటాడనీ, ఇప్పటి నుంచే మంచి కోర్సులో చేర్పించమనీ చెబుతున్నాడు. సివిల్స్, ఎంటెక్, ఆన్‌లైన్ ఏఐ-గవర్నెన్స్ కోర్సు, ఈ మూడింటిలో ఏది మేలు? ఆఫర్ వదిలేయమనాలా?

జవాబు: ఇదే ప్రశ్నను ఈ మధ్య పరకాల నుంచి, జనగామ నుంచి, హుజూరాబాద్ నుంచి వచ్చిన తల్లిదండ్రులు కూడా అడిగారు. కొన్నేళ్ల కిందట ఇలాంటి ఇళ్లవాళ్లే పిల్లలను డాలస్ పంపడానికి బ్యాంకు లోను ఎంతవరకు వస్తుందని అడిగేవారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఉద్యోగులను తీసేస్తున్నాయన్న వార్తలు వచ్చిన నాటి నుంచి ప్రశ్న మారింది, భయం మాత్రం అదే. మీరు అడిగినది పెద్ద కుర్చీ గురించే అయినా, అమ్మాయి ఉద్యోగం మధ్యలో పోతే ఎలా అన్న దిగులు మీ ఉత్తరంలో ప్రతి వాక్యం కిందా కనిపిస్తోంది. అందుకని ముందు కుర్చీ సంగతి చెప్పి, తర్వాత దిగులు దగ్గరికి వస్తాను.

మీ బావమరిది చెప్పినది అక్కడి వరకు నిజమే. అమెరికాలో 1996లో వచ్చిన చట్టం ప్రకారం ప్రధానమైన ఫెడరల్ సంస్థల్లో సీఐఓ పదవి ఏర్పడింది. మన దగ్గర ఆ పేరుతో ప్రత్యేకమైన సర్వీసు గానీ, దానికి ప్రత్యేకమైన పరీక్ష గానీ లేదు. రాష్ట్రంలో ఐటీ శాఖ కార్యదర్శిగా సాధారణంగా ఐఏఎస్ అధికారి ఉంటారు. ఆయన నిన్న మరో శాఖలో ఉండి ఉండవచ్చు, రేపు ఇంకో శాఖకు బదిలీ కావచ్చు. ఆధార్ సంస్థకు సీఈఓలుగా వచ్చినవారూ ఎక్కువగా ఐఏఎస్‌లే. సాంకేతికంగా బరువు మోసేవారిలో ఎక్కువమంది ఎన్‌ఐసీలో, అంటే నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌లో, సైంటిస్ట్ హోదాల్లో ఉంటారు. మన కాకతీయ విశ్వవిద్యాలయం పుట్టిన 1976లోనే ఆ సంస్థా పుట్టింది. కానీ మన ఊళ్లలో దాని పేరు తెలిసినవారు తక్కువ, అది తయారుచేసిన పోర్టళ్లను తిట్టుకునేవారు ఎక్కువ.

సివిల్స్ దారిలో ఈ రంగానికి వచ్చి పేరు తెచ్చుకున్నవారు లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో రిజిస్ట్రేషన్ శాఖ పనిని కంప్యూటర్ల మీదికి తెచ్చిన ‘కార్డ్’ పథకంతో గుర్తింపు పొందిన జె. సత్యనారాయణ గారు ఆ తర్వాత కేంద్ర ఐటీ శాఖ కార్యదర్శి అయ్యారు, 2016లో ఆధార్ సంస్థ చైర్మన్ కూడా అయ్యారు. కానీ ఐఏఎస్ అయిన ప్రతి ఒక్కరికీ ఐటీ శాఖ దక్కదు. దక్కినా, ఆ కుర్చీలో ఎన్నేళ్లు ఉండాలో నిర్ణయించేది వాళ్లు కాదు. ఐటీ మీద ఇష్టంతో సివిల్స్ రాయడమంటే, వంట మీద ఇష్టంతో హోటల్ ఉన్న వీధిలో ఇల్లు కొనుక్కోవడం లాంటిది. పరిపాలన మీద ఇష్టం ఉంటేనే ఆ పరీక్ష రాయాలి.

ఎన్‌ఐసీ దారి మీ అమ్మాయి చెబుతున్న కోరికకు దగ్గరగా ఉంది. సైంటిస్ట్-బి హోదా కేంద్ర వేతన శ్రేణిలో లెవెల్ 10లో, 56,100 రూపాయల మూల వేతనంతో మొదలవుతుంది. తర్వాతి హోదాలకు ఒక్కో మెట్టు దగ్గర కొన్నేళ్ల సర్వీసు పూర్తి కావాలి, పని మీద మదింపు జరగాలి, అందువల్ల పైమెట్లు చేరేసరికి సుమారు ఇరవై ఏళ్లు గడుస్తాయి. ప్రవేశమూ ఇరుకే. 2023లో ప్రకటించిన 598 పోస్టుల్లో సైంటిస్ట్-బి పోస్టులు 71 మాత్రమే, వాటికి గేట్ (ఇంజనీరింగ్ పట్టభద్రులు రాసే జాతీయ పరీక్ష) స్కోరు, ఇంటర్వ్యూ అడిగారు. మిగతావి అంతకన్నా కింది హోదాలు. నోటిఫికేషన్లు ఏటా రావు కాబట్టి దీనొక్కదాన్నే నమ్ముకుని ఇంట్లో కూర్చోవడం ప్రమాదకరం.

ఆ పని ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. ఒక సోమవారం నేను సొంత పని మీద కలెక్టరేట్‌కు వెళ్లేసరికి ప్రజల ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి నడుస్తోంది. ఎన్‌ఐసీకి చెందిన జిల్లా ఇన్ఫర్మాటిక్స్ అధికారి ఒక చేత్తో ఫోను పట్టుకుని హైదరాబాద్‌తో మాట్లాడుతూ, రెండో చేత్తో వీడియో కాన్ఫరెన్స్ తెరకు వెళ్లే వైరును వెతుకుతున్నారు. పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన బొటనవేలు యంత్రం మీద పడటం లేదు, నలభై ఏళ్ల వ్యవసాయంలో గీతలు అరిగిపోయాయి. ఆపరేటర్ తడిగుడ్డతో వేలు తుడిచి మూడోసారి పెట్టించాడు, అప్పుడూ పడలేదు. ఆ అధికారి ఫోను పెట్టేసి వచ్చి, కంటిపాపతో నమోదు చేసే పరికరం తెప్పించి, ఆయన పని అయ్యేదాకా నిలబడ్డారు. ప్రభుత్వ ఐటీ అంటే ఎక్కువగా ఇదే. భూమి రికార్డుల ధరణి పోర్టల్ నిర్వహణ 2024 చివర్లో ప్రైవేటు సంస్థ నుంచి ఎన్‌ఐసీ చేతికి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి మొదలైంది. ఇలాంటి మార్పు జరిగిన ప్రతిసారీ పాత రికార్డు ఒక్కటి కూడా చెదరకుండా కొత్త వ్యవస్థలోకి చేర్చే బాధ్యత ఎవరో ఒక ఇంజనీరు మీద పడుతుంది. తప్పు జరిగితే ఒక రైతు పాసుపుస్తకంలో రెండు గుంటలు తగ్గుతాయి. అమ్మాయికి ఈ పని విన్నాక కూడా ఉత్సాహం ఉంటే, ఆమె కోరిక గట్టిదే.

ఇక మీ బావమరిది చెప్పిన కోర్సు. ఏఐ-గవర్నెన్స్, డిజిటల్ లీడర్‌షిప్ వంటి పేర్లతో, లక్షల్లో ఫీజులతో, ఆరు నెలల్లో సర్టిఫికెట్ ఇచ్చే ఆన్‌లైన్ కోర్సుల మీద నాకు నమ్మకం కుదరలేదు. పది, పదిహేనేళ్లు పనిచేసిన వ్యక్తి తన అనుభవాన్ని సర్దుకోవడానికి అవి కొంత ఉపయోగపడవచ్చు. ఒక్క టెండరు కాగితం కూడా చూడని ఇరవై ఒక్క ఏళ్ల అమ్మాయికి ‘నాయకత్వం’ బోధిస్తే, ఆమెకు మిగిలేది పదాల మూట. నియామక ప్రకటనల్లో డిగ్రీ, గేట్ స్కోరు, అనుభవం అడగడం చూశాను గానీ, ఈ సర్టిఫికెట్ అడిగిన ప్రకటన నా కంట పడలేదు. కోర్సులు అమ్మేవారు ఎప్పుడూ చూపించే ఉదాహరణ నందన్ నీలేకని గారిది. ఆయన 2009లో ఆధార్ సంస్థకు వచ్చేనాటికి ఇన్ఫోసిస్‌ను నిర్మించినవారిలో ఒకరు, ఆ కంపెనీకి సీఈఓగా కూడా చేసినవారు.

ప్రైవేటులో ఎదిగి నేరుగా పైస్థాయిలో చేరవచ్చన్న లేటరల్ ఎంట్రీ మాట కూడా ఇప్పుడు జోరుగా వినిపిస్తోంది. కేంద్రంలో జాయింట్ సెక్రటరీ స్థాయికి పదిహేనేళ్ల అనుభవం అడిగారు, అదీ మూడేళ్ల కాంట్రాక్టు, పొడిగిస్తే ఐదేళ్లు. 2024 ఆగస్టులో యూపీఎస్‌సీ 45 పోస్టులకు ప్రకటన ఇచ్చి, రిజర్వేషన్ల మీద వివాదం రేగడంతో మూడు రోజులకే వెనక్కి తీసుకుంది. తలుపు ఉండొచ్చు, కానీ అది ఎప్పుడు తెరుచుకుంటుందో ఎవరికీ తెలియని ఇంటికి ముహూర్తం పెట్టుకోకూడదు.

ఇప్పుడు మీతో కొంచెం కటువుగా మాట్లాడతాను, మరోలా అనుకోవద్దు. పైన క్లుప్తంగా ఇచ్చిన మీ రెండు పేజీల ఉత్తరంలో బావమరిది కొడుకు జీతం ఉంది, పక్కింటివారి అల్లుడి హోదా ఉంది. మీ అమ్మాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో, ప్రాజెక్టులో ఏం చేసిందో, ప్రభుత్వంలోకి ఎందుకు వెళ్లాలనుకుంటోందో ఒక్క ముక్క లేదు. ‘ఆడపిల్ల కదా, బదిలీలు ఎలా’ అని చివర్లో రాశారు. ఎన్‌ఐసీలోనే పనిచేస్తూ ఎదిగి దాని డైరెక్టర్ జనరల్ అయిన నీతా వర్మ గారు మహిళే. మగపిల్లవాడైతే ఈ వాక్యం రాసేవారా? ఇంకా డిగ్రీ చేతికి రాని పిల్లకు శాఖాధిపతి కుర్చీ కొలతలు తీయడం మీ దిగులుకు మందు కావచ్చు గానీ, ఆమె నెత్తిన బరువే.

మూడు దారులను పక్కపక్కన పెట్టి పోల్చమన్నారు. నిజానికి ఈ ఏడాది అంత పోలిక అవసరం లేదు. ఎంటెక్‌ను గేట్ స్కోరు వచ్చాక ఆలోచించవచ్చు, సివిల్స్ ఆమె స్వయంగా అడిగితే చూడవచ్చు, ఆన్‌లైన్ కోర్సు డబ్బు బ్యాంకులోనే ఉండనివ్వండి. సైంటిస్ట్-బి పోస్టుకు జనరల్ అభ్యర్థులకు కూడా వయోపరిమితి 30 ఏళ్లు ఉంటూ వస్తోంది, మీ అమ్మాయికి చాలా సమయం ఉంది. కంపెనీలో రెండు మూడేళ్లు డేటాబేస్, నెట్‌వర్క్, సైబర్ భద్రత వంటి గట్టి పని నేర్చుకుంటే అది ఎక్కడికీ పోదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి, కొన్ని రోజుల పాటు ఆసుపత్రి పనులు చేతిరాతతో నడపాల్సి వచ్చినప్పుడు, దేశమంతటికీ తెలిసొచ్చినది ఆ పని తెలిసినవారి విలువే. ఒకవేళ ఆ కంపెనీ మధ్యలో తీసేసినా, నేర్చుకున్న చేతులతోనే ఇంటికి వస్తుంది, ఇంకో చోట చేరుతుంది. మీరు అంత భయపడనక్కరలేదు.

కాబట్టి ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టనివ్వండి. అందులో సర్వీసు బాండ్ ఏమైనా ఉందేమో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో ముందుగా ఆమె చేతనే చదివించండి. గేట్ పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది, ఉద్యోగంలో చేరాక కూడా రాయవచ్చు. ఈసారి ఉత్తరం ఆమెనే రాయమనండి, మీరు చూడకుండా పంపినా ఫరవాలేదు.