పచ్చికపై అంగుళం మందాన సముద్రపు ఇసుక: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా భోగాపురం మండలం. ఒక రిసార్టులో పది సెంట్ల గరిక లాన్ పెంపకం చూస్తున్నాను. గోల్ఫ్ మైదానాల్లో పచ్చికపై ఇసుక చల్లుతారని విని, మే నెలాఖరులో సముద్రం ఒడ్డు ఇసుకను అంగుళం మందాన పరిచాను. గడ్డి పండుబారి ఎండిపోతోంది. ఏం చేయాలి? – ఒక రైతు

జవాబు: ఇసుక చల్లడం మంచి పద్ధతే. ఎత్తుపల్లాలు సరిచేయడానికి, పాత కాడలూ వేర్లూ పేరుకుని నేలపై ఏర్పడే గోధుమరంగు అట్ట మెత్తబడి నీరు ఇంకడానికి గోల్ఫ్ గ్రీన్‌లపై (బంతి పడే గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చికపై) దీన్ని పాటిస్తారు. అయితే అక్కడ ఒక్కసారికి వేసేది 2, 3 మిల్లీమీటర్లే. సెంటుకు 3 మి.మీ. అంటే 120 లీటర్లు, పొడి ఇసుకైతే సుమారు 180 కిలోలు. మీరు పరిచిన అంగుళం సెంటుకు టన్నున్నర. ఆకు పూర్తిగా కప్పబడి వెలుతురు అందక, రోహిణి ఎండకు ఇసుక కాగి, పైగా సముద్రపు ఉప్పు వేరును తాకి గడ్డి దెబ్బతిన్నది.

ముందుగా ఆకుల కొనలు బయటపడేవరకు ఇసుకను దంతె (రేక్) వెనుకవైపుతోనూ చీపురుతోనూ మెల్లగా లాగి ఎత్తివేయండి. తర్వాత ఉప్పు వేరు కిందికి దిగిపోయేలా మంచినీటితో నెమ్మదిగా, నిండుగా తడపండి. తీరప్రాంతపు బోరు నీరే ఉప్పగా ఉంటే తడిపినకొద్దీ నష్టం పెరుగుతుంది కనుక, నీటినీ మట్టినీ ముందే పరీక్షకు పంపి లవణాల మోతాదు తెలుసుకోవడం తప్పనిసరి. కాడను గోటితో గీరినప్పుడు లోపల పచ్చగా ఉంటే అది తిరిగి చిగురిస్తుంది. చిగుళ్లు కనిపించిన తర్వాతే సెంటుకు 200 గ్రాముల యూరియా చల్లి వెంటనే తడపండి. ఎండిన గడ్డికి ముందుగా ఎరువు వేయవద్దు.

ఇకపై కడిగిన నది ఇసుకనే, అదీ ప్రతిసారీ ఒకే చోటి నుంచి తెచ్చి, 2 మి.మీ. జల్లెడ పట్టి, ఆరబెట్టి వాడండి. గాజు సీసాలో మూడోవంతు ఇసుక పోసి, నీళ్లు నింపి బాగా కుదిపి ఒక రాత్రి కదపకుండా ఉంచండి. ఇసుకపై బురద పొర మందంగా పేరుకుంటే ఆ ఇసుక పనికిరాదు. గోల్ఫ్ గ్రీన్‌ల నిర్మాణానికి అమెరికా గోల్ఫ్ సంఘం సూచించే ఇసుకలో 0.25 నుంచి 1 మి.మీ. రేణువులు కనీసం 60 శాతం ఉండాలి. బంకమన్ను 3 శాతం మించరాదు. మీ లాన్‌కు అంత కచ్చితత్వం అక్కరలేదు గానీ, ఒకసారి ఇసుక, మరోసారి ఎర్రమట్టి, ఇంకోసారి పశువుల ఎరువు వేస్తే మాత్రం పొరలు ఏర్పడి వాటి మధ్య నీరు నిలిచిపోతుంది.

నేల గట్టిపడి ఉంటే ముందుగా బోలు పళ్ల పనిముట్టుతో 7, 8 సెంటీమీటర్ల లోతు రంధ్రాలు చేసి, వచ్చిన మట్టి కడ్డీలను ఏరివేయాలి. ఆకు పూర్తిగా పొడిగా ఉన్నప్పుడు ఇసుక చల్లి, కొబ్బరిపీచు పట్టాను ఈడుస్తూ రంధ్రాలలోకి దిగేలా చేసి, ఆపై తడపాలి.

గరిక చురుకుగా పెరిగే జూలై నుంచి సెప్టెంబరు వరకు, వాన తెరపిచ్చిన రోజు చూసుకుని ఈ పని చేయవచ్చు. చలికి ఎదుగుదల మందగించే డిసెంబరు, జనవరి నెలల్లో ఇసుక వేయవద్దు.